అలిపిరి మెట్ల ఆటను పిల్లలు ఒక్కసారి ఆడి వదిలేశారు: ఇంట్లో ఆటలు తయారు చేయడంపై సలహాలు కావాలి

ప్రశ్న: ఇద్దరు పిల్లల తల్లి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా బాబుకు 9 ఏళ్లు, పాపకు 6 ఏళ్లు. ఈ సెలవుల్లో మా ఆడపడుచు పిల్లలు ఇద్దరు కూడా చిత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. తిరుపతి ఎండలో మధ్యాహ్నం పూట పిల్లలను వీధిలోకి పంపలేము, ఫోను చేతికిస్తే మళ్లీ తిరిగి తీసుకోలేము. అందుకని అట్ట, రంగులు, జిగురు ముందు పెట్టుకుని, ఇంట్లో కూర్చుని ఆడుకునే ఆట ఒకటి వాళ్ల చేతనే తయారు చేయిద్దామని అనుకున్నాను.

వైకుంఠపాళి తరహాలో 100 గడులు గీసి, మొదటి గడిలో అలిపిరి పాదాల మండపం, చివరి గడిలో ఆనంద నిలయం, మధ్యలో గాలిగోపురం, జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి, మోకాళ్ల పర్వతం వచ్చేటట్లు పటం వేయించాను. పాములు గీయబోతే మా అత్తగారు ఒప్పుకోలేదు. స్వామి కొండకు వెళ్లే దారిలో మనిషిని కిందికి లాగే పాములేమిటని ఆవిడ అంటే, ఆ కొండే ఆదిశేషుడు కదా నాయనమ్మా అని మా బాబు వాదించాడు. చివరికి పాములకు బదులు కోతులను పెట్టాము. కోతి కొబ్బరిచిప్ప లాక్కుంటే 4 గడులు వెనక్కి, చెప్పుల సంచి కింద మరిచిపోతే 10 గడులు వెనక్కి, ఎవరైనా మజ్జిగ ఇస్తే 5 గడులు ముందుకు. ఇవన్నీ పిల్లలు తమంతట తామే ఆలోచించినవే.

పటానికి మూడు రోజులు పట్టింది, చూడటానికి చాలా బాగా వచ్చింది. అయితే ఆటకు కూర్చున్నాక గంటన్నర గడిచినా ఎవరూ కొండ ఎక్కలేదు. మా పాప మూడుసార్లు కోతి పాలబడి, నాలుగోసారి ఏడుస్తూ లేచిపోయింది. మేము అట్టతో చేసిన పాచిక మా బాబు వేసినప్పుడల్లా 6 పడుతున్నదని మిగతా ముగ్గురూ గొడవపెట్టారు. మర్నాటికి పటం అప్పడంలా వంకర తిరిగింది. ప్రస్తుతం అది మంచం కింద ఉన్నది. మళ్లీ ఆడదామని ఎవరూ అడగడం లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలిసినవారు చెప్పగలరా? వస్తువుల కోసం పెద్దగా ఖర్చు పెట్టే ఉద్దేశం లేదు. ఇంట్లో దొరికేవాటితో, నాలుగు వేర్వేరు వయసుల పిల్లలు కలిసి ఆడగలిగే ఆటలు ఏవైనా ఉంటే అవి కూడా తెలియజేయండి.

జవాబు: లెక్కల మాస్టారు, చిత్తూరు

అమ్మా, మీ పిల్లల ఊహలో లోపం ఏమీ లేదు. మా బడిలో ఏడో తరగతి పిల్లల చేత ఏటా ఇటువంటివి చేయిస్తుంటాను, మొదటి ఏడు నేను కూడా మీలాగే పటంతో మొదలుపెట్టి దెబ్బతిన్నాను. ఆట బాగుందో లేదో తేలకముందే రంగులు వేస్తే, తర్వాత నియమం మార్చడానికి ఎవరికీ మనసొప్పదు, ఎందుకంటే మూడు రోజులు కష్టపడి గీసిన గడిని కొట్టేయాలంటే పెద్దవాళ్లకే బాధ కలుగుతుంది. ఇప్పుడు మా తరగతిలో మొదటి వారం సుద్దముక్కతో నేల మీదే పటం గీస్తాము, రంగు ముట్టుకోము. నేల మీద నాలుగుసార్లు ఆడి, ఐదోసారి కూడా పిల్లలు తమంతట తామే కూర్చుంటేనే అట్ట తీస్తాము.

మీ ఆట ఎందుకు సాగదీసిందో లెక్క వేసి చూద్దాం. పాచికలో 1 నుంచి 6 వరకు ఉన్న అంకెల సగటు 3.5. కోతులు, మజ్జిగలు లేకపోయినా 100 గడులు దాటడానికి ఒక్కొక్కరికి దాదాపు 29 పందేలు కావాలి. నలుగురు ఆడుతుంటే ఒకరు గెలిచే లోపే 100 పందేలు దాటిపోతాయి. వెనక్కి లాగే గడులు ముందుకు తోసే గడుల కన్నా బలంగా ఉంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. ఆరేళ్ల పాప తన వంతు కోసం మూడు వంతులు ఆగి, తీరా వేస్తే కోతి లాగేసిందంటే ఏడవక ఏం చేస్తుంది? ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న గుంపుకు 30 నుంచి 40 గడులు చాలు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. మీ పటంలో పిల్లలు చేయవలసిన నిర్ణయం ఒక్కటి కూడా లేదు. పాచిక చెప్పినట్లు నడవడమే పని. మీ ఊళ్లోనే దానికి మంచి మందు ఉన్నది. తిరుమలకు కాలినడక దారులు రెండు కదా. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీనివాస మంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారిలో 2388 మెట్లు. ఈ రెంటి నిష్పత్తి ఇంచుమించు 3కు 2. కాబట్టి పటంలో అలిపిరి దారికి 36 గడులు, శ్రీవారి మెట్టుకు 24 గడులు పెట్టండి. ఆట మొదట్లోనే ఏ దారిన ఎక్కాలో ప్రతి పిల్లవాడూ ఎంచుకోవాలి. దగ్గర దారి నిటారుగా ఉంటుంది కనుక అక్కడ చిన్న అంకెలు పడితే రొప్పు వచ్చి మెట్టు మీద కూర్చున్నట్లు లెక్క, ఆ వంతు కదలకూడదు.

ఏ అంకెలకు కూర్చోబెట్టాలన్నది పిల్లల చేతనే తేల్పించండి. 1, 2 పడితే ఆగాలని పెడితే శ్రీవారి మెట్టు ఎక్కడానికి సగటున 8 లేదా 9 పందేలు సరిపోతాయి, అలిపిరి దారికి 10 లేదా 11 కావాలి, అప్పుడు అందరూ దగ్గర దారే పట్టుకుంటారు. 1, 2, 3 మూడింటికీ ఆగాలని పెడితే రెండు దారులూ 10, 11 పందేల దగ్గర సమానమవుతాయి. అయినా రెండు దారులూ ఒకే రకంగా అనిపించవు. అలిపిరి దారిన వెళ్లేవాడు నింపాదిగా సాగుతుంటాడు, శ్రీవారి మెట్టు వాడు రెండు మూడు వంతులు కదలకుండా కూర్చుని ఒక్కసారిగా దూకుతాడు. కొందరు పిల్లలకు మొదటిది ఇష్టం, కొందరికి రెండోది. ఆ ఇష్టాయిష్టాల మీద వాళ్లు చేసుకునే వాదన వినడానికే నేను అప్పుడప్పుడు పక్కన కూర్చుంటాను.

పాచిక విషయంలో మీ బాబుది మోసం కాకపోవచ్చు. అట్టను ఆరు చదరాలుగా కత్తిరించి మడిచి అంటించినప్పుడు జిగురు రెక్కలు ఒక పక్కకే చేరి ఆ వైపు బరువెక్కుతుంది. బరువైన ముఖం కిందికి పోతుంది, దాని ఎదుటి ముఖం పైకి వస్తుంది. సరైన పాచికలో ఎదురెదురు ముఖాల మొత్తం 7 కాబట్టి, 1 ఉన్న వైపు జిగురు ఎక్కువైతే 6 తరచుగా కనిపిస్తుంది. పిల్లలను కూర్చోబెట్టి 60 సార్లు వేయించి, ఏ అంకె ఎన్నిసార్లు పడిందో గీతలు పెట్టించండి. ఒక్కో అంకె 10 సార్ల దగ్గరలో ఉండాలి. 7 వచ్చినా 13 వచ్చినా పట్టించుకోనక్కరలేదు, 20 వస్తే ఆ పాచికను పారేయండి. ఆరు పలకల పెన్సిలు ఒకటి తీసుకుని పలకకు ఒక అంకె చొప్పున 1 నుంచి 6 వరకు రాసి, నేల మీద దొర్లిస్తే అట్ట పాచిక అవసరమే ఉండదు. ఆగినప్పుడు పైన ఉన్న పలకే పందెం. మా బడిలో అదే వాడుతాము.

పటం వంకర తిరగడానికి కారణం జిగురులోని తడి. కాగితం తడికి సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ఒక పక్కనే అంటించారు కనుక అట్టను తనవైపు లాగేస్తుంది. వెనక పక్క కూడా అదే మందం కాగితం అదే రోజు అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచితే చదునుగా నిలుస్తుంది. మామిడికాయల కాలం కాబట్టి మా చిత్తూరులో పళ్ల అట్టపెట్టెలకు కొదవ లేదు. ఆ అట్టలో లోపల గాళ్లు, అంటే సన్నని కాలువల్లాంటి ముడతలు ఉంటాయి గదా, రెండు పొరలు తీసుకుని ఒకదాని గాళ్లు నిలువుగా, రెండోదాని గాళ్లు అడ్డంగా వచ్చేటట్లు అంటిస్తే చెక్కలాగా గట్టిపడుతుంది. మైదా జిగురు చాలు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం పాతకాలపు అలవాటు, అది విషం కనుక పిల్లలు చేసే పనిలో వద్దు. ఏ రోజు జిగురు ఆ రోజే కాచుకోండి.

జవాబు: నలుగురు మనవళ్లు, మనవరాళ్లు ఉన్న అవ్వ, పలమనేరు

మాస్టారు గారు లెక్కలన్నీ బాగా చెప్పారు. నాకు అంత లెక్క రాదు కానీ, కొత్త ఆట కట్టే ముందు పాత ఆటల పటాలు పిల్లల చేత గీయించమని నా మాట. వందల ఏళ్లు ఆడి ఆడి అరిగిన ఆటలు కనుక వాటిలో నియమం దిద్దవలసిన పని ఉండదు. పాత గుళ్ల మంటపాల్లో రాతి బండల మీద పులిజూదం గీతలు చెక్కి ఉండటం మీరూ చూసే ఉంటారు. వానకు ఆగినవారు, పండక్కి వచ్చి కునుకు పట్టనివారు అక్కడే కూర్చుని ఆడేవారు.

ఆ పులిజూదం, అంటే పులి-మేక పటం గీయడం పిల్లలకు నేర్పే పద్ధతి చెబుతాను. పైన ఒక చుక్క పెట్టి, దాని నుంచి నాలుగు గీతలు గొడుగు ఊచల్లాగా కిందికి లాగి, కింద వాటి కొసలను ఒక అడ్డగీతతో కలపాలి. మధ్యలో మూడు అడ్డగీతలు రెండు వైపులా కాస్త బయటికి పొడుచుకు వచ్చేటట్లు గీసి, ఆ పొడుచుకొచ్చిన కొసలను ఈ పక్కా ఆ పక్కా నిలువుగా కలపాలి. ఇప్పుడు చుక్కలు లెక్క పెట్టమనండి. మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4, కొసన 1, మొత్తం 23 రావాలి. రాకపోతే ఎక్కడో గీత తప్పింది. పులులు 3, మేకలు 15. మేకలవాడు ఒక్కొక్క మేకను పటం మీద పెడుతుంటే పులులవాడు ఆ మధ్యనే కదులుతుంటాడు. పక్కనున్న మేక మీదుగా నేరుగా అవతలి ఖాళీ చుక్కకు దూకితే ఆ మేక చచ్చినట్లు. మేకలన్నీ దిగాక అవి కూడా ఒక్కొక్క చుక్క కదలవచ్చు. మూడు పులులకూ కదలడానికి దారి లేకుండా చేస్తే మేకలు గెలిచినట్లు. పిల్లలందరూ మొదట పులే కావాలంటారు. నాలుగు రోజులు పోయాక తెలివిగలవాడు మేకలు తీసుకుంటాడు, అప్పటినుంచి మిగతావాళ్లకు తిప్పలు.

అష్టా చెమ్మాకు 5 అడ్డం, 5 నిలువు, మొత్తం 25 గడులు. నాలుగు పక్కల నడిమి గడులకూ, నట్టనడిమి గడికీ ఇంటూ గుర్తు వేయాలి. కాయ బయటి చుట్టు తిరిగి, ఎదుటివాడి కాయను ఒక్కదాన్నయినా చంపాక లోపలి చుట్టులోకి ఎదురు దిశలో తిరిగి, నడిమి గడిలో పండుతుంది. మావైపు దీన్ని బారాకట్ట అనేవారు కూడా ఉన్నారు. గవ్వలు లేకపోతే చింతగింజలు ఉన్నాయి కదా. నాలుగు గింజలు తీసుకుని ఒక పక్క మాత్రం గరుకు బండ మీద తెల్లపప్పు కనిపించే దాకా అరగదీయాలి. ఎన్ని తెలుపులు పైకి పడితే అంత పందెం, నాలుగూ తెలుపైతే చెమ్మ, అన్నీ నలుపైతే అష్ట, అంటే 8. ఈ రెంటికీ ఇంకొక పందెం వేసుకోవచ్చు. గింజలు అరగదీసే పని పిల్లలకు ఒక పూటంతా పడుతుంది, ఆ పూట ఇంట్లో చప్పుడు ఉండదు. అది నాకు తెలిసిన పెద్ద లాభం.

ఒక్క మాట మరిచిపోవద్దు. కాయలుగా పెట్టుకోవడానికి ఎర్రగా నున్నగా బాగుంటాయని గురివింద గింజలు ఇవ్వకండి. అవి నమిలితే విషం. మూడేళ్ల లోపు పిల్లలు ఇంట్లో తిరుగుతుంటే చింతగింజలూ గవ్వలూ కూడా అందకుండా డబ్బాలో పెట్టండి.

జవాబు: హాస్టలు విద్యార్థి, తిరుపతి

కోడిగుడ్ల ట్రేతో వామనగుంటలు చాలా సులభంగా తయారవుతాయి. 30 గుడ్ల ట్రేలు రెండు తీసుకుని వరుసకు 7 గుంటల చొప్పున రెండు వరుసలు వచ్చేటట్లు కత్తిరించి అతికిస్తే సరిపోతుంది. మా హాస్టలు వంటగదిలో ఆ ట్రేలు ఊరికే పారేస్తారు.

జవాబు: ప్రశ్న అడిగిన తల్లి, తిరుపతి

బాబూ, సలహా బాగున్నది కానీ మా అత్తగారి గడప దాటి గుడ్ల ట్రే లోపలికి రాదు. మీ మాట చదివాక ఫ్రిజ్‌లోని ఐసు ట్రే తీసి చూస్తే సరిగ్గా రెండు వరుసల్లో ఏడేసి గుంటలు ఉన్నాయి. ఇన్నేళ్లుగా వామనగుంటల పీటను ఫ్రిజ్‌లో పెట్టుకుని బయట వెతుకుతున్నానన్నమాట. గుంటకు 5 చొప్పున 70 చింతగింజలు లెక్కపెట్టి పోయడం మా పాపే చేసింది. ఐదుల ఎక్కం రాదని టీచరు ప్రతి నెలా చెబుతుంటారు, ఇక్కడ మాత్రం ఒక్కసారి కూడా తడబడలేదు.

అవ్వగారూ, అష్టా చెమ్మా కూడా గీశాము. అయితే ఒక చిక్కు వచ్చింది. 4 గానీ 8 గానీ పడితేనే కాయ దిగాలన్న నియమంతో ఆడితే పాపకు పదిహేను వంతుల దాకా కాయ దిగలేదు. మళ్లీ ఏడుపు మొదలైంది. గింజలు సరిగా అరగదీయలేదంటారా?

జవాబు: లెక్కల మాస్టారు, చిత్తూరు

గింజల తప్పు కాకపోవచ్చునమ్మా. ఒక్కో గింజ తెలుపు పడటానికి, నలుపు పడటానికి సమాన అవకాశం ఉన్నదనుకుంటే నాలుగు గింజలు పడే తీరులు 16. వాటిలో 2 పందెం పడేవి 6, 1 పడేవి 4, 3 పడేవి 4, చెమ్మ ఒక్కటి, అష్ట ఒక్కటి. అంటే కాయ దిగే పందెం 16లో రెండే, సగటున ఎనిమిది వంతులకు ఒకసారి. దురదృష్టం తోడైతే పదిహేను వంతులు కావడంలో వింత లేదు. ఒక పక్కే అరగదీసిన గింజ, గవ్వ సరిసమానంగా పడవు కనుక అసలు లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుంది. మీ గింజలను కూడా 100 సార్లు వేయించి చూడండి. పాచికతో పోలిస్తే వీటి పందేలు ఎంత భిన్నంగా ఉంటాయో మీ బాబుకు అప్పుడు తెలుస్తుంది. పాచికలో ప్రతి అంకెకూ సమాన వాటా, గింజల్లో నడిమి అంకెదే రాజ్యం.

జవాబు: నలుగురు మనవళ్లు, మనవరాళ్లు ఉన్న అవ్వ, పలమనేరు

మా ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలు ఆడేటప్పుడు ఒక్కొక్కరికి ఒక కాయ ముందే దించి ఆట మొదలుపెడతాము, మిగిలిన మూడు కాయలే చెమ్మకో అష్టకో ఎదురుచూస్తాయి. ఎందుకని ఎవరూ అడగలేదు. మాస్టారు గారి లెక్క చూశాక మా అమ్మ ఎందుకలా చేసేదో ఇప్పటికి అర్థమైంది. పాపకు రెండు కాయలు దించండమ్మా, చిన్నది కదా.

జవాబు: కలంకారీ పని చేసేవారు, శ్రీకాళహస్తి

అట్ట వంకర గురించి మాస్టారు గారు చెప్పారు. నేను వేరే మాట చెబుతాను, అసలు అట్టే వద్దు, గుడ్డ మీద వేయించండి. పచ్చీసు పటాలు వెనకటి నుంచీ గుడ్డతోనే కుట్టేవారు. ఆడటం అయ్యాక గవ్వలు, కాయలు మధ్యలో వేసి మూట కట్టేస్తే పోయేది ఏమీ లేదు, ఊరికి పోతే వెంట తీసుకుపోవచ్చు, మంచం కింద పడేసినా విరగదు.

గుడ్డకు రంగు పూసినప్పుడు అది పక్కకు పాకడమే ఇబ్బంది. మా పనిలో దానికోసం గుడ్డను కరక్కాయ నీళ్లు, గేదెపాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెడతాము. పాలలోని వెన్న రంగును పాకనివ్వదు. కరక్కాయలోని వగరు పని ఇంకొకటి ఉంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసే కసింకారంతో ఆ గుడ్డ మీద గీస్తే, గీత కలం కింద లేతగా కనిపించి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇనుము, కరక్కాయ వగరు కలవడం వల్ల వచ్చే నలుపు అది. పిల్లలకు ఇంతకన్నా గొప్ప గారడీ నేను చూపించలేను. కానీ నానబెట్టిన నీళ్లు వాసన కొడతాయి, బట్టల మీద పడితే మరక పోదు కనుక ఆరేళ్ల వారికి ఆ పని వద్దు.

ఇంట్లో చేసుకోవడానికి పాత తెల్ల పంచె గానీ, గాడా అనే ముతక నూలు గుడ్డ గానీ మూర పొడవు, మూర వెడల్పు చాలు. అన్నం వార్చిన గంజి చిక్కగా పట్టించి, ఆరాక ఇస్త్రీ చేయండి. గంజి కూడా పాలలాగే రంగును కొంత ఆపుతుంది. గీతలకు పెన్సిలు ఎందుకు, చింతపుల్లలు కాల్చిన బొగ్గు తీసుకోండి, మేమూ దానితోనే మొదటి గీత వేస్తాము. తప్పు గీత గుడ్డతో తట్టితే రాలిపోతుంది, పిల్లలకు అది ఎంత ధైర్యమో చెప్పలేను. కలం కావాలంటే వెదురు పుల్ల కొస చెక్కి, కొసకు కొంచెం పైన ఉన్ని గానీ నూలు గుడ్డ గానీ ఉండలా చుట్టి, దారంతో బిగించాలి. ఆ ఉండ రంగు పీల్చుకుంటుంది, వేలితో మెల్లగా నొక్కుతూ గీస్తే కొసకు రంగు దిగుతుంది. దుకాణంలో దొరికే గుడ్డ రంగులను నీళ్లతో కొద్దిగా పలచన చేసి ఆ కలంతో వేయవచ్చు. గంజి పెట్టిన గుడ్డను ఉతికితే గంజి పోతుంది, కాబట్టి రంగు బాగా ఆరాక వెనకవైపు నుంచి వేడి ఇస్త్రీ పెట్టి, ఆ తర్వాతే నీళ్లలో వేయండి.

మాస్టారు గారు చెప్పిన రెండు దారుల పటం గుడ్డ మీద బాగా కుదురుతుంది. కొండ మధ్యలో నిలబెట్టి, ఒక పక్క నుంచి అలిపిరి దారి మెలికలు తిరుగుతూ, రెండో పక్క నుంచి శ్రీవారి మెట్టు నేరుగా పైకి పోతూ వేయించండి. గడులన్నీ చదరాలుగానే ఉండాలని ఏముంది, మెట్లలాగానే గీయవచ్చు.

జవాబు: ప్రశ్న అడిగిన తల్లి, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను, జరిగినది చెప్పకపోతే బాగుండదు.

మాస్టారు గారు చెప్పినట్లు రంగులు బీరువాలో పెట్టి తాళం వేసి, వరండాలో సుద్దముక్కతో రెండు దారులు గీసి ఆడించాను. మొదటి రోజు 1, 2 పడితే ఆగాలన్న నియమంతో ఆడాము. రెండు ఆటలు అయ్యేసరికి నలుగురూ శ్రీవారి మెట్టు దగ్గరే క్యూ కట్టారు. ఇలా అయితే అలిపిరి దారి ఎందుకని మా బాబే అడిగాడు. అప్పుడు 3 కూడా కలపమన్నాను. ఇప్పుడు ఇద్దరు అటు, ఇద్దరు ఇటు పోతున్నారు. ఒక్కో ఆట ఇరవై నిమిషాల్లో ముగుస్తున్నది. 60 పందేల పరీక్షలో మా పాత అట్ట పాచికకు 6 అన్నది 19 సార్లు పడింది. మాస్టారు గారి గీత దాటలేదు కానీ దాన్ని ఎవరూ నమ్మడం లేదు, పెన్సిలే వాడుతున్నాము.

పాప ఏడుపుకు మాత్రం నియమాలు దిద్దడం సరిపోలేదు. చివరికి మా ఆడపడుచు కూతురు ఒక ఉపాయం చెప్పింది. ఒకరి మీద ఒకరు గెలవకుండా, నలుగురూ కలిసి మేఘం మీద గెలవాలని. పటం పక్కన 12 గడులతో ఇంకొక చిన్న వరుస గీసి, దాని మీద దూది మేఘం పెట్టారు. ఎవరికి 6 పడినా మేఘం ఒక గడి జరుగుతుంది. అది 12 గడులు దాటే లోపు నలుగురూ కొండ ఎక్కాలి, లేకపోతే వానలో తడిసినట్లు. నిబంధన ఇంకొకటి, ముందు ఎక్కినవాళ్లు తమ వంతు పందేన్ని వెనకబడినవారికి ఇవ్వవచ్చు. మొన్న వేళ్ల మీద లెక్కపెడుతూ మా పాప తన వంతును అన్నకు ఇచ్చి, అన్న గట్టెక్కాక చప్పట్లు కొట్టింది. ఓడిపోయిన రోజు నలుగురూ కలిసి దూదిని తిట్టుకుంటున్నారు. పోటీ ఆట కావాలంటే పెద్ద పిల్లలిద్దరూ పులిజూదం ఆడుకుంటున్నారు. అందులో మా బాబు మేకలు పట్టుకోవడం నేర్చాడు, అవ్వగారు చెప్పినట్లే ఇప్పుడు మిగతావాళ్లకు తిప్పలు.

కార్డుల ఆట ఒకటి కూడా చేశాము, క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖలను ఒకే కొలతకు కత్తిరించి, రెండేసి కార్డుల మీద ఒకే గుణింతాక్షరం రాసి, బోర్లించి జతలు వెతికే ఆట. దేవుడి బొమ్మ ఉన్న భాగాన్ని కత్తిరించకూడదని అత్తగారి షరతు, అది పాటించాము. అయితే కార్డుల వెనక రంగులు వేర్వేరుగా ఉండటంతో పిల్లలు అక్షరాన్ని కాకుండా వెనకవైపు పెళ్లివారి డిజైన్ను గుర్తుపెట్టుకుని జతలు తీసేశారు. అన్నింటి వెనకా ఒకే గోధుమరంగు కాగితం అంటించాకే ఆట ఆటలా సాగింది.

కలంకారీ పనివారికి ఒక సందేహం. నిన్న పాత పంచెకు గంజి పెట్టి ఆరేశాము, చింతపుల్లల బొగ్గుతో కొండ గీయడం కూడా అయింది. గీత బాగా వచ్చింది కానీ, పిల్లల చేతులు తగిలి అలిపిరి దారి సగం చెరిగిపోయింది. రంగు వేసే దాకా బొగ్గు గీత నిలవడానికి మీరు ఏమైనా చేస్తారా, లేక ఒక దారి గీయగానే రంగు వేసి, ఆ తర్వాతే రెండోది గీయాలా?

జవాబు: కలంకారీ పని చేసేవారు, శ్రీకాళహస్తి

నిలబెట్టడానికి ఏమీ చేయమమ్మా, చెరగాలనే కదా బొగ్గు వాడేది. పైనుంచి కిందికి రండి. ముందు ఆనంద నిలయం గీసి వెంటనే కలంతో కట్టేయండి, అది ఆరాక దాని కింది జానెడు గీయండి. చేతి కింద ఎప్పుడూ తెల్ల గుడ్డే ఉండాలి, గీత ఉండకూడదు. గీసేవారు ఒకరు, గుడ్డ పట్టుకునేవారు ఇద్దరు, రంగు కలిపేవారు ఒకరు అని పంచితే మీ నలుగురికీ పని సరిపోతుంది. పాపకు రంగు కలిపే పని ఇవ్వండి.